కొంగు పట్టుకొచ్చే గుణాలు: ఓట్స్ ఎంపికలో సహసంబంధాల లెక్క

1940ల తొలి ఏళ్ళలో అమెరికా మధ్య రాష్ట్రాల ఓట్స్ చేలను బూన్, టామా వంటి కొత్త రకాలు కమ్మేశాయి. క్రౌన్ రస్ట్ అనే తుప్పు తెగులుకు అవి లొంగేవి కావు. ఆ బలం 1927లో ఉరుగ్వే నుంచి తెప్పించిన ‘విక్టోరియా’ రకం నుంచి వచ్చింది. 1946 నాటికి అవే చేలు మరో తెగులుతో మాడిపోయాయి. మీహన్, మర్ఫీ అనే శాస్త్రవేత్తలు దానికి కారణమైన బూజును కనిపెట్టి, దాని పేరులోనే విక్టోరియాను చేర్చారు. విక్టోరియా నుంచి తుప్పు నిరోధకత అందుకున్న మొక్కలే ఈ తెగులుకు బలయ్యాయి. అది అందని మొక్కలు నిలబడ్డాయి. బ్రీడర్లు ఒక గుణాన్ని ఏరుకుంటూ, దాని కొంగు పట్టుకుని వస్తున్న రెండో గుణాన్నీ తెలియకుండానే ఏరుకున్నారు.

ఒక గుణం వెంట మరో గుణం రావడాన్ని లెక్కగట్టే పద్ధతి సహసంబంధం. ప్లస్ ఒకటికీ మైనస్ ఒకటికీ మధ్య ఉండే ఈ చిన్న అంకెను పట్టుకుని ఓట్స్ రకాలను ఎంపిక చేయవచ్చా, చేస్తే ఎంతవరకు నమ్మవచ్చు అన్న చర్చ నూరేళ్ళకు పైగా నడుస్తోంది. అది ముడిపడిపోయింది కూడా. ‘ఈ రెండూ కలిసి కనబడుతున్నాయి’, ‘దీన్ని చూసి దాన్ని ఊహించవచ్చు’, ‘దీనివల్లే అది వస్తోంది’ అనే మూడు వేరువేరు మాటలను ఒకే అంకెతో చెప్పబోవడం ఆ ముడికి మూలమని ఈ వ్యాసం అభిప్రాయం. (తెలుగులో ‘ఓట్లు’ ఎన్నికలవి గనుక పంటను ‘ఓట్స్’ అనే అంటున్నాం. యవలు బార్లీ; ఇది వేరు.)

లెక్క ఎలా పుట్టింది

లెక్క కంటే నమ్మకం ముందు పుట్టింది. స్వీడన్‌లోని స్వాలోఫ్ సంస్థ 1886లో మొదలైంది. గింజ మీది నూగు, కంకి రెమ్మల తీరు వంటి పైకి కనబడే గుర్తులను బట్టి లోపలి మంచి చెడ్డలు చెప్పవచ్చని అక్కడ యాల్మార్ నిల్సన్ బృందం తొలి రోజుల్లో ఆశపడింది. హ్యూగో డి వ్రీస్ 1907లో ఆ పనిని మెచ్చుకుంటూ పుస్తకం రాశాడు. అదే సంస్థలో మరో శాస్త్రవేత్త నిల్సన్–ఎలె గోధుమ, ఓట్స్ మీద చేసిన పని ఆ ఆశను కొంత చల్లార్చింది. ఒక్కో గుణం వెనుక అనేక జన్యువులు ఉండవచ్చనీ, సంకరం చేస్తే అవి రకరకాలుగా కలిసి విడిపోతాయనీ ఆయన 1908–09లో చూపాడు. రెండు గుణాల జత ఒక తరంలో కనబడినంత మాత్రాన తర్వాతి సంకరంలోనూ నిలుస్తుందన్న హామీ లేదన్నమాట.

అంకె మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. 1888లో గాల్టన్ మనుషుల ఎత్తుకూ ముంజేతి పొడవుకూ ఉన్న పొంతనను కొలిచాడు. పియర్సన్ 1896లో దానికి నేటి సూత్రం ఇచ్చాడు. ఆ మరుసటి ఏడే ఆయనే ఒక హెచ్చరికా చేశాడు: ఒకే అంకెతో భాగించిన రెండు నిష్పత్తుల మధ్య, అసలు ఏ బంధమూ లేకున్నా సహసంబంధం పుడుతుందని. సూత్రాన్ని అందరూ తీసుకున్నారు, హెచ్చరికను అంతగా పట్టించుకోలేదు. ఓట్స్ పట్టికల్లో గింజకూ మొత్తం మొక్క బరువుకూ మధ్య నిష్పత్తి ఒక గుణంగా, ఆ మొత్తం బరువే మరో గుణంగా పక్కపక్కన కూర్చోవడం నేటికీ మామూలే.

పెట్టె మూడు అంచులు

దిగుబడిని ముక్కలు చేసి చూడాలన్న పక్షానికి ఓట్స్‌లో ఆద్యుడు జాన్ గ్రాఫియస్. 1956లో ఆయన ఓట్స్ దిగుబడిని ఒక పెట్టెతో పోల్చాడు. పెట్టె పొడవు నిర్ణీత స్థలంలో ఉన్న కంకులు, వెడల్పు కంకికి ఉన్న గింజలు, ఎత్తు గింజ బరువు. దిగుబడి ఆ పెట్టె ఘనపరిమాణం. దిగుబడికంటూ విడిగా జన్యువు లేదు, ఉన్నవి ఈ అంచులకే అన్నది ఆయన వాదన. కాబట్టి అంచులను సాగదీస్తే పెట్టె పెరుగుతుంది.

వినడానికి ముచ్చటగా ఉన్నా చేలో అలా జరగదు. పిలకలు ఎక్కువైతే కంకి చిన్నబోతుంది. కంకిలో గింజలు ఎక్కువైతే గింజ సన్నబడుతుంది. 1967లో ఆడమ్స్ చిక్కుడు జాతి పంట మీద ఈ సర్దుబాటును విడమర్చాడు. అంచులు ఒకదాని తర్వాత ఒకటి ఏర్పడతాయి. ముందు ఏర్పడింది తిన్నది తినగా మిగిలిన ఆహారమే తర్వాతి దానికి దక్కుతుంది. అంచుల మధ్య కనబడే వ్యతిరేక సంబంధం చాలావరకు జన్యువులు రాసిన రాత కాదు, వనరుల పంపకం వల్ల వచ్చింది. నీరు, నత్రజని పుష్కలంగా ఉన్న మడిలో అది బలహీనపడుతుంది, ఎద్దడిలో బిగుసుకుంటుంది.

ఇక్కడే మరో చిక్కు ఉంది. ఎడంగా నాటిన ఒంటరి మొక్కల్లో విరగబడి పిలకలు వేసేది మేటిగా తేలుతుంది. ఒత్తుగా విత్తిన చేలో అదే మొక్క ఇరుగుపొరుగు నోటి కూడు లాక్కుంటుంది. 1968లో డొనాల్డ్ ప్రతిపాదించిన ఆదర్శ మొక్క భావన ఈ గమనింపు మీదే నిలబడింది: గెలిచే మొక్కలు వేరు, దిగుబడినిచ్చే చేను వేరు. సంకరం తర్వాతి తొలి తరాల్లో బ్రీడర్ చూసేది ఒంటి మొక్కలనే. అక్కడ గట్టిన సహసంబంధాన్ని ఒత్తు చేనుకు అంటగడితే లెక్క తలకిందులు కావచ్చు.

దారి లెక్కల పక్షం

అమెరికా వ్యవసాయ శాఖలో గినీ పందుల మీద పని చేస్తూ సూయల్ రైట్ 1921లో ఒక ఉపాయం చెప్పాడు. రెండు గుణాల మధ్య ఉన్న మొత్తం బంధాన్ని నేరుగా వచ్చిన వాటాగా, ఇతర గుణాల మీదుగా వచ్చిన వాటాగా విడగొట్టవచ్చని. దీన్నే పాత్ విశ్లేషణ అంటున్నారు. మరుసటి ఏడే హెన్రీ నైల్స్ విరుచుకుపడ్డాడు: ముందుగా కారణమేదో నువ్వే ఊహించి గీత గీశాక, లెక్క ఆ ఊహను రుజువు చేసిందని ఎలా అంటావని. కారణాలను లెక్క కనిపెట్టదు, మనకు తెలిసిన కారణాల బలాన్ని మాత్రమే తూస్తుందని రైట్ 1923లో జవాబిచ్చాడు. ఈ జవాబును గుర్తుంచుకుని ఉంటే తర్వాతి గొడవ సగం తగ్గేది.

1959లో ఉటా రాష్ట్రంలో డ్యూయీ, లు ఒక పశుగ్రాసపు గడ్డి విత్తన దిగుబడికి ఈ పద్ధతి వాడారు. ఆ వ్యాసమే భారతదేశంలో తరతరాల వ్యవసాయ విద్యార్థులకు నమూనా అయింది. ఇక్కడ ఓట్స్ ప్రధానంగా రబీ పశుగ్రాసం. ఝాన్సీలో 1962లో వెలిసిన జాతీయ పశుగ్రాస పరిశోధన సంస్థ, హిసార్, లూధియానా, పాలంపూర్, పంత్‌నగర్, రాహురి కేంద్రాలు దీని మీద పని చేస్తున్నాయి. ఈ సమన్వయ పథకానికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనూ ఒక కేంద్రం ఉంది, కాకపోతే తెలుగు నేల మీద ఓట్స్ సాగు స్వల్పం.

పని తీరు ఇది. ముప్పై నలభై రకాలను మూడు పర్యాయాలుగా మళ్ళలో విత్తుతారు. సగం మొక్కలు పూతకు వచ్చిన రోజు రాసుకుంటారు. మీటరు సాలులో పిలకలు లెక్కిస్తారు. మొక్క ఎత్తు, ఆకు పొడవు వెడల్పులు, కాండం లావు కొలుస్తారు. కోసిన నమూనాలో ఆకులు ఒలిచి ఒక పక్క, కాడలు ఒక పక్క తూచి ఆకు–కాడ నిష్పత్తి కడతారు. పచ్చిమేత తూచి, కొంత ఆరబెట్టి ఎండు బరువు చూస్తారు. ఆపైన పట్టిక. ఎత్తూ, పిలకలూ, పూతకు పట్టే రోజులూ పచ్చిమేతతో కలిసి పెరుగుతాయని ఎక్కువ పట్టికలు చెబుతాయి. ‘కాబట్టి వీటి ఆధారంగా ఎంపిక చేయవచ్చు’ అన్న వాక్యంతో వ్యాసాలు ముగుస్తాయి.

ఆ ‘కాబట్టి’ దగ్గరే ఆగి చూడాలి. పన్నెండు గుణాలు కొలిస్తే అరవై ఆరు జతలు వస్తాయి. నూటికి ఐదు తప్పులు మన్నించే కొలబద్ద పెట్టుకుంటే, అసలు ఏ బంధమూ లేకపోయినా మూడు జతలు యాదృచ్ఛికంగానే ‘సార్థకం’ అవుతాయి. ముప్పై రకాల్లో 0.5 అని తేలిన సహసంబంధం నిజానికి 0.17 నుంచి 0.73 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. నూటికి తొంభై ఐదు పాళ్ళ నమ్మకంతో చెప్పగలిగేది అంతే. ఒక రకం వింతగా ఎత్తు పెరిగితే చాలు, అంకె కదిలిపోతుంది.

పచ్చిమేతకూ ఎండుమేతకూ 0.9కి పైన సంబంధం తేలితే అది కొత్త సంగతి కాదు. ఆ పచ్చిమేతను ఆరబెడితే వచ్చిందే ఎండుమేత. ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్న గుణాలను పాత్ విశ్లేషణలోకి తోస్తే వాటాలు వెర్రి తలలు వేస్తాయి. ఒకటికి మించిన నేరు ప్రభావం, దాన్ని కొట్టివేస్తూ అంతే పెద్ద రుణ ప్రభావం పక్కపక్కన కనబడతాయి. 1973లో లెంకా, మిశ్రా ఇచ్చిన కొలమానం ప్రకారం ఒకటి దాటిన ప్రభావాన్ని ‘అత్యధికం’ అని రాసుకోవచ్చు. నిజానికి అది జోడు గుణాల్లో ఒకదాన్ని తీసేయమని లెక్క పెడుతున్న కేక.

అయినా ఈ పక్షాన్ని కొట్టిపారేయడం అన్యాయం. పొడవాటి మొక్క పచ్చిమేత ఎక్కువ ఇవ్వడానికి ఎత్తు ఎంత కారణం, ఆలస్యంగా పూతకు రావడం ఎంత కారణం అన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది ఇదే. ఆలస్యమే అసలు కారణమైతే, ఎత్తును ఏరుకున్న బ్రీడర్‌కు చివరికి దక్కేది దీర్ఘకాలపు రకం. పైగా ఎత్తు పెరిగే కొద్దీ ఆకు వాటా తగ్గి కాడ పెరుగుతుంది, చేను పడిపోయే ముప్పూ పెరుగుతుంది. పశువు కాడను వదిలేసి ఆకు మేస్తుందన్న సంగతి పచ్చిమేత తూకంలో కనబడదు.

సూచీ పక్షం

రెండో పక్షానికి కారణాలతో పని లేదు. అన్ని గుణాలకూ తగిన బరువులిచ్చి ఒకే మార్కుగా కూడుతుంది. 1936లో ఫెయిర్‌ఫీల్డ్ స్మిత్ మొక్కలకూ, 1943లో హేజెల్ జంతువులకూ ఈ ఎంపిక సూచిని కట్టారు. తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక బంధుత్వం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1953లో ‘సంఖ్య’ పత్రికలో జన్యు భేదానికీ ఎంపికకూ వాడే విచక్షణ ప్రమేయాల మీద రాసిన వ్యాసం ఈ పునాదికి చెందిందే.

ఓట్స్‌లో సూచీ పక్షానికి బలమైన కోట అమెరికాలోని అయోవా. కెన్నెత్ ఫ్రే, ఆయన శిష్యులు దశాబ్దాలపాటు అక్కడ పని చేశారు. దిగుబడిని మాత్రమే చూసి ఏరితే చేను ఎత్తు పెరగడం, కంకి ఆలస్యంగా వేయడం వాళ్ళకు పెద్ద తలనొప్పి. 1959లో కెంప్‌థార్న్, నార్డ్‌స్కోగ్ ఇచ్చిన ‘కట్టుబాటు సూచి’లో ఒక గుణాన్ని కదలకుండా కట్టిపడేసి మిగతావాటిని పెంచవచ్చు. రోజియెల్, ఫ్రే 1975లో దాన్ని ఓట్స్‌కు వాడి, ఎత్తునూ కంకి వేసే రోజునూ పట్టి ఉంచుతూ దిగుబడిని పెంచే లెక్కలు వేశారు. ఇక్కడ సహసంబంధానికి పాత్ర మారింది. దారి చూపించమని దాన్ని ఎవరూ అడగలేదు. అది అడ్డుపడుతుందని ముందే తెలుసుకుని చుట్టూ తిరిగి వెళ్ళారు.

పరోక్ష ఎంపిక ఎప్పుడు గిట్టుతుందో చెప్పే లెక్క కూడా ఈ పక్షానిదే. పైకి కనబడే తేడాల్లో జన్యువుల వాటాను అనువంశికత అంటారు. దిగుబడికి అది 0.25, ఎత్తుకు 0.81 అనుకుందాం. వాటి వర్గమూలాలు 0.5, 0.9. రెండిటి మధ్య జన్యు సహసంబంధం 0.5 అయితే, ఎత్తును బట్టి ఏరడం వల్ల దిగుబడిలో వచ్చే మెరుగు, నేరుగా దిగుబడిని ఏరితే వచ్చేదానిలో తొంభై శాతమే. సహసంబంధం 0.7 అయితే నూట ఇరవై ఆరు శాతం. గీత ఇంత సన్నం. 0.5కూ 0.7కూ తేడా చెప్పలేని ముప్పై రకాల పరీక్ష ఈ నిర్ణయానికి ఎలా సరిపోతుంది? ఎత్తును వేల మొక్కల్లో ఒక్కరోజులో కొలవవచ్చు, దిగుబడికి మళ్ళు కావాలి. ఆ వెసులుబాటు పరోక్ష ఎంపిక వైపు మొగ్గుతుందన్నది నిజమే. కానీ ఆ ఖర్చుల లెక్క సహసంబంధాల వ్యాసాల్లో అరుదుగా కనబడుతుంది.

రెండు పక్షాలనూ పక్కపక్కన పెడితే తేడా ఇది: పాత్ విశ్లేషణ అర్థం చేసుకోవడానికి పుట్టి, ఎంపికకు సలహా ఇచ్చే పనిలో చిక్కుకుంది. సూచి ఎంపిక కోసమే పుట్టింది గానీ, దాని బరువులకు కావలసిన జన్యు అంచనాలు చిన్న పరీక్షల్లో నిలకడగా దొరకవు. గుణాలకు ఆర్థిక విలువ కట్టడమూ తేలిక కాదు. ఆకు–కాడ నిష్పత్తి ఒక పాయింటు పెరిగితే రైతుకు ఎన్ని రూపాయలు?

ఒకే జన్యువా, పొరుగు జన్యువులా

రెండు గుణాలు జంటగా రావడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకే జన్యువు రెంటినీ నడపవచ్చు, లేదా రెండు జన్యువులు క్రోమోజోము మీద ఇరుగుపొరుగున ఉండవచ్చు. పొరుగును ఓపిగ్గా సంకరాలతో విడదీయవచ్చు, ఒకే జన్యువును విడదీయలేం. సహసంబంధం అంకె ఈ రెంటికీ ఒకేలా ఉంటుంది.

ఓట్స్‌లో ఈ గుంజాటన పచ్చిగా కనబడుతుంది. డీడబ్ల్యూ6 అనే పొట్టి జన్యువు కాండాన్ని కురచ చేసి చేను పడిపోకుండా కాపాడుతుంది. అదే కంకిని ఆకు తొడుగులోంచి పూర్తిగా బయటికి రానివ్వదు. పొట్టు అంటుకోని నగ్న ఓట్స్‌లో పొట్టు పలచబడడంతో పాటు చిరుకంకిలో పువ్వుల సంఖ్య పెరుగుతుంది, రెండూ ఒకే ప్రధాన జన్యువు వెంట నడుస్తాయి.

విక్టోరియా కథ ఈ ప్రశ్నకు పరాకాష్ఠ. 1955లో వీలర్, ల్యూక్ ఆ బూజు విషంలో సుమారు నాలుగున్నర కోట్ల ఓట్స్ గింజలను మొలకెత్తించి, బతికి బట్టకట్టినవాటిని ఏరారు. తుప్పు నిరోధకతనూ కొత్త తెగులునూ విడదీశామని 1960లో ఒక నివేదిక వచ్చింది. 1985లో రైన్స్, ల్యూక్ కణజాల వర్ధనం ద్వారా విషాన్ని తట్టుకునే మొక్కలను సాధించినప్పుడు మాత్రం అవన్నీ తుప్పు నిరోధకతనూ పోగొట్టుకున్నాయి. 2007లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఇదే విషానికి లొంగేలా చేసే జన్యువు దొరికింది. చూస్తే అది తెగుళ్ళను అడ్డుకునే జన్యువుల కుటుంబానిదే. కాపలావాడినే బూజు తలుపుగా వాడుకుంటోంది. ఇలాంటి జంటను సహసంబంధపు పట్టిక ముందే పట్టిచ్చేదా? రెండో తెగులు చేలోకి రానంత కాలం పట్టికలో దానికి గడే లేదు.

గింజ నాణ్యత: ఎవరి కోసం?

మనుషుల ఆహారంగా ఓట్స్ విలువ పెరిగాక ప్రశ్న మరో మలుపు తిరిగింది. రోజుకు 3 గ్రాముల ఓట్స్ బీటా–గ్లూకాన్ గుండెకు మేలు చేస్తుందన్న ప్రకటనను అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతించింది. దాంతో బీటా–గ్లూకాన్ పెంచే ఎంపిక ఊపందుకుంది. అయోవాలో సెర్వాంతెస్–మార్తినెస్, హాలండ్, ఫ్రే బృందం 2001లో ఆ ఎంపిక ఫలితాలనూ, 2002లో దాని వెంట మిగతా గుణాలు ఎటు కదిలాయన్నదాన్నీ వేరుగా ప్రకటించింది. సహసంబంధాన్ని పట్టికలో చూసి ఊరుకోకుండా, ఎంపిక చేసి, కొంగు పట్టుకొచ్చినదాన్ని కొలవడం అంటే ఇదీ. ఫ్రే, హాలండ్ గింజలో నూనె కోసం తొమ్మిది చక్రాల ఎంపిక (మేటివాటిని ఏరి, వాటిలో వాటికి మళ్ళీ సంకరం చేయడం ఒక చక్రం) నడిపి 1999లో ప్రకటించారు. ఇలాంటి పని ఏళ్ళు పడుతుంది గనుక పట్టికలు వందల్లో ఉంటే ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి.

ఏ గుణం మంచిదన్నది కొనేవాడిని బట్టి మారుతుంది. నూనె ఎక్కువైతే దాణాకు శక్తి, అటుకుల్లా ఒత్తే మిల్లుకు ముక్కవాసన బెడద. బీటా–గ్లూకాన్ మనిషికి మేలు, కోళ్ళ దాణాలో జిగట. వ్యాపారులు చూసేది కొలపాత్ర బరువు. అమెరికాలో ఓట్స్ బుషెల్‌ను 32 పౌండ్లుగా లెక్కిస్తారు. మన కుంచానికి ఎంత తూగుతుందన్నట్టే. ఆ బరువు ఎక్కువైతే పొట్టు తీశాక పప్పు ఎక్కువ దక్కుతుందని నమ్మకం. గింజ ఆకారం, పాత్రలో అవి సర్దుకునే తీరు కూడా ఆ బరువును మారుస్తాయి గనుక అది పప్పు శాతానికి పూచీ కాదు. మార్కెట్టు సహసంబంధాన్ని ధరగా మార్చేసిన సందర్భం ఇది. బ్రీడర్ లెక్కను తప్పుబట్టినా ధర మారదు.

జన్యు గుర్తుల కాలం

ఓట్స్ జన్యు సంపుటం పెద్దది. మూడు పూర్వీకుల సంపుటాలు కలిసి 42 క్రోమోజోములు. ‘సాంగ్’ అనే రకం పూర్తి పటం 2022లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అంతకు ముందే, 2011, 2013 వ్యాసాల్లో అసోరో, జానింక్ తదితరులు జన్యు గుర్తులతో ఓట్స్ గుణాలను ఊహించే ఎంపికను పరీక్షించారు. అనేక గుణాలను కలిపి ఊహిస్తే, తక్కువ అనువంశికత ఉన్న గుణానికి ఎక్కువ అనువంశికత ఉన్న తోడు గుణం సాయపడుతుందని జియా, జానింక్ 2012లో చూపారు. పాత పరోక్ష ఎంపికే కొత్త బట్టల్లో వచ్చింది. తేడా ఏమిటంటే ఇప్పుడు సహసంబంధాన్ని క్రోమోజోము ముక్కల వారీగా చూడవచ్చు. మొత్తం మీద సున్నా అని తేలిన సంబంధం లోపల ఒక ముక్కలో ధనం, మరో ముక్కలో రుణం ఉండి ఒకదాన్నొకటి చెరిపేసి ఉండవచ్చు. బ్రీడర్‌కు కావలసినది ఆ మొదటి ముక్క.

తేలనివి

తొలి తరంలో కొలిచిన జన్యు సహసంబంధం నాలుగైదు చక్రాల ఎంపిక తర్వాత ఎంత మారుతుందన్నది ఓట్స్‌లో కొద్ది జనాభాల్లోనే పరీక్షకు వచ్చింది. ఎంపిక తానే ఆ సంబంధాన్ని మారుస్తుందని సిద్ధాంతం చెబుతుంది: రెంటికీ మేలు చేసే జన్యువులు ముందే స్థిరపడిపోతాయి, మిగిలేవి ఒకదానికి మేలు చేసి మరోదానికి చేటు చేసేవి. అది ఎంత వేగంగా జరుగుతుందో పొలమే చెప్పాలి.

చోటు మారితే గుర్తు మారడం రెండో చిక్కు. చలికాలం పొడవుగా ఉండే చోట ఆలస్యంగా పూతకు రావడం దిగుబడికి అనుకూలం. ఫిబ్రవరి చివర్లోనే ఎండ ముదిరే చోట అదే ఆలస్యం గింజను తాలు చేస్తుంది. రెండు చోట్ల అంకెలను సగటు చేసి ఒకే పట్టిక వేస్తే చేతికి మిగిలేది సున్నా.

మూడోది మనకు దగ్గరిది. ఉత్తర భారతంలో కొన్ని ఓట్స్ రకాలను రెండు మూడు కోతలకు వాడతారు. మరికొన్నిటిని విత్తిన 50–60 రోజులకు ఒకసారి కోసి, మళ్ళీ చిగిర్చినదాన్ని గింజకు వదులుతారు. మొదటి కోతలో ఎత్తుగా ఉన్న మొక్క ఎదిగే మొగ్గను పైకి తెచ్చుకుని ఉంటుంది. కొడవలి దాన్ని తీసేస్తే తిరిగి చిగురించడం అడుగున ఉన్న పిలకల వంతు. మొదటి కోతలో ఎత్తును ఏరుకుంటూ పోతే రెండో కోత తగ్గుతుందా? తగ్గితే, ఏ ఎత్తు దాకా ఏరవచ్చు, కొడవలి నేలకు ఎన్ని అంగుళాల పైన పడాలి?